నీళ్ళు ఆగేది పొర మారే చోట

రాత్రి గంటసేపు వాన దంచి కొట్టింది. పొద్దున చేనులోకి దిగితే చెప్పులకు బంకగా మన్ను అంటుకుంటోంది, సాళ్ళలో ఎర్రనీళ్ళు నిలబడి ఉన్నాయి. పారతో జానెడు లోతు తవ్వి చూస్తే మాత్రం కింద పొడి మన్ను. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో చంద్రగిరి, బంగారుపాళెం, పలమనేరు, ఏ వైపు ఎర్ర నేలల్లోనైనా చూసే సంగతే ఇది. "వాన బాగానే పడింది, పదునే దిగలేదు" అని, అంటే నేలలోకి చాలినంత తడి దిగలేదని, ఒక్క మాటలో తేల్చేస్తాం. ఎందుకు దిగలేదో చూద్దాం.

ముందు లెక్క. ఎకరా మీద 1 మిల్లీమీటరు వాన పడితే 4,047 లీటర్లు. 25 మిల్లీమీటర్ల వాన అంటే లక్ష లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఇరవై. వేసవిలో ఒక్క ట్యాంకరు కోసం ఎంత తిరగాలో మామిడి మొక్కలు నాటినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ ఇరవైలో ఎన్ని మన చేనులో దిగాయి, ఎన్ని వంకలో కలిశాయి అన్నది మట్టి ఏ పొర మీద ఏ పొరగా అమరి ఉందో దాన్ని బట్టి ఉంటుంది.

మట్టిలో నీళ్ళు రెండు తీర్ల కదులుతాయి. వానపాముల బొరియలు, కుళ్ళిన వేర్లు వదిలిన దారులు, దొడ్డు ఇసుక మధ్య సందులు, వీటిలో నీళ్ళు తమ బరువుకే కిందికి జారతాయి. సన్న సందుల్లో అలా కాదు. ప్రమిదలో వత్తి నూనెను లాగినట్టు అవి నీళ్ళను పైకీ, పక్కకీ, కిందికీ, పొడి ఎటుంటే అటు పీలుస్తాయి. సందు ఎంత సన్నమైతే పట్టు అంత గట్టిది. ఇసుక నేలలో నీళ్ళు ఇట్టే దిగి ఇట్టే పోవడానికీ, రేగడిలో నిదానంగా దిగి చాలా రోజులు ఉండడానికీ కారణం ఇదే.

వత్తికి ఇంకో గుణం ఉంది. నూనెలో తడిసిన వత్తిని పైకెత్తి పట్టుకుంటే నూనె వెంటనే కారిపోదు. వత్తి నిండా నాని, ఇక పట్టలేనప్పుడే చుక్క రాలుతుంది. సన్నమట్టి కింద గరుసో (ముతక రాళ్ళ మన్ను), గులకరాళ్ళో ఉన్నప్పుడు జరిగేదీ అదే. పైమట్టిలోని సన్న సందులు పట్టుకున్న నీళ్ళను కింది పెద్ద సందుల్లోకి వదలవు. పైపొర దాదాపు నిండా నానితే తప్ప నీళ్ళు ఆ గీత దాటవు. "కింద రాళ్ళున్నాయి కదా, నీళ్ళు బాగా కారిపోతాయి" అని మనం అనుకునేదానికి ఇది పూర్తిగా తలకిందులు.

నమ్మకం కుదరకపోతే 2 లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్‌తో చూడండి. మెడ భాగం కోసేసి, కాల్చిన మేకుతో అడుగున నాలుగు చిల్లులు పెట్టండి. కింద 8 సెంటీమీటర్లు ఎండిన దొడ్డు ఇసుక, దాని మీద 12 సెంటీమీటర్లు చేను మన్ను, గడ్డలు చిదిపి, పొడిగానే. నీళ్ళు గ్లాసుతో కుమ్మరించకుండా చెంచాతో, నిమిషానికి రెండు మూడు చెంచాల చొప్పున మధ్యలో పోయండి. తడి ముదురు రంగు గీతలా దిగుతూ వచ్చి ఇసుక దగ్గర ఆగిపోతుంది. ఇంకా పోస్తే పక్కలకు పాకుతుంది, ఇసుక మాత్రం పొడిగానే ఉంటుంది. చాలాసేపటికి ఎక్కడో ఒక చోట వేలెడు వెడల్పున గీత తెగి నీళ్ళు ఇసుకలోకి దూకుతాయి. ఆ వేలు చుట్టూ ఇసుక అప్పటికీ పొడే. ఇప్పుడు పొరలు తిరగేసి, పైన ఇసుక, కింద మన్ను పెట్టి ఈసారి గ్లాసుతో ఒకేసారి పోయండి. ఇసుకలో సర్రున దిగిన నీళ్ళు మన్ను దగ్గర మళ్ళీ నిలబడతాయి. మన్ను పీల్చుకుంటుంది కానీ అంత జోరుగా మింగలేదు. సన్నం మీద దొడ్డు, దొడ్డు మీద సన్నం, ఎట్లా పెట్టినా పొర మారిన చోట నీళ్ళు తడబడతాయి.

తిరుపతిలో మేడ మీద కుండీలు పెట్టేవాళ్ళు అడుగున రెండంగుళాలు గులకరాళ్ళు పోస్తారు, నీళ్ళు నిలవకూడదని. అందువల్ల కుండీ అడుగున ఉండాల్సిన నానుడు మట్టి రెండంగుళాలు పైకి జరిగి వేర్లకు దగ్గరవుతుంది. చిల్లు మీద పెంకు ముక్క బోర్లించి నేరుగా మట్టి నింపితే చాలు.

కుండీలో తప్పు జరిగితే పోయేది ఒక మొక్క. మామిడి గుంతలో అదే తప్పు చేస్తే నాలుగేళ్ళ కష్టం పోతుంది. గరుసు నేలలో మీటరు పొడవు, వెడల్పు, లోతు గుంత తీసి, "మంచి మట్టి" అని చెరువు మన్ను తెచ్చి నిండా పోస్తారు. చుట్టూ గరుసు, మధ్యలో సన్న ఒండ్రు. అంటే భూమిలో ఒక కుండీని పాతినట్టే. గుంత నిండా నానేదాకా చుట్టూ నేలకు తడి పోదు, వేర్లు తడి ఉన్న చోటే చుట్టలు చుట్టుకుంటాయి. ఐప్పసి, కార్తీక మాసాల్లో (అక్టోబరు నుంచి డిసెంబరు దాకా) ముసురు పట్టినప్పుడు ఆ గుంత తొట్టిలా నిండి వేరు కుళ్ళు మొదలవుతుంది. కుళ్ళకుండా నిలిచిన చెట్టు కూడా మూడో ఏడో నాలుగో ఏడో గాలివానకు మట్టిముద్దతో సహా ఒరిగిపోతుంది, ఎందుకంటే వేర్లు గుంత గోడ దాటలేదు.

చేయాల్సింది ఇది. పై అడుగు మన్ను ఒక పక్క, కింది గరుసు ఇంకో పక్క పోయండి. గుంత నింపడానికి ఆ పైమన్నే వాడండి, చాలకపోతే పక్కన చేను పైమన్ను గీకి తెండి. 50 కిలోల చివికిన దిబ్బెరువు, 2 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ కలపండి. చెరువు మన్ను వేసినా నాలుగో వంతు మించకుండా, బాగా కలిపి. ఆగర్‌తో (గుంతలు తొలిచే బర్మా) తీసిన గుంతకు, తడిలో జేసీబీ బకెట్‌తో తీసిన గుంతకు గోడలు అద్దంలా నునుపు తేలి ఉంటాయి. నింపేముందు గడ్డపారతో నాలుగు వైపులా పొడిచి ఆ నునుపు చెడగొట్టాలి. వదులు మట్టి అణుగుతుంది కాబట్టి నేల మట్టానికి జానెడు ఎత్తు నింపాలి. సమానంగా నింపితే మొదటి వానకే గుంత పళ్ళెమై మొదలు దగ్గర నీళ్ళు నిలుస్తాయి.

చెరువు మన్ను చేనంతా తోలేవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. ఎకరా మీద 1 సెంటీమీటరు మందం అంటే 40 ఘనమీటర్లు, ట్రిప్పుకు 3 ఘనమీటర్లు పట్టే ట్రాలీ అయితే పదమూడు ట్రిప్పులు. ఎండాకాలంలో తోలి, గడ్డలు తొలకరికి చిట్లాక, అడ్డం నిలువు దున్ని అరడుగు లోతు దాకా కలిపేస్తే తేలిక నేలకు తడి పట్టే గుణం వస్తుంది. పరిచి వదిలేస్తే అదే కొత్త పొరై కూర్చుంటుంది.

పైపొర: చెక్కు

మన ఎర్ర నేలల్లో నీళ్ళకు అడ్డుపడే పొరలు ముఖ్యంగా మూడు. మొదటిది కంటికి కనిపించేదే, వాన వెలిసి ఎండ కాసిన రెండో రోజు పెళుసుగా గట్టిపడే చెక్కు. 5 మిల్లీమీటర్ల లావు వాన చినుకు సెకనుకు 9 మీటర్ల వేగంతో, అంటే గంటకు 30 కిలోమీటర్లకు పైగా జోరుతో నేలను కొడుతుంది. గడ్డ చిట్లి సన్నమట్టి లేచి, నీళ్ళతో పాటు దిగి, పైపైన సందులన్నీ మూసేస్తుంది. ఆ పూత మందం కొన్ని మిల్లీమీటర్లే. కానీ గంటకు 25 మిల్లీమీటర్లు తాగగలిగే నేల దానితో నాలుగో వంతు కూడా తాగదు.

మట్టికి ఈ జబ్బు ఎంత ఉందో తెలుసుకోవడం తేలిక. బటాణీ గింజంత ఎండిన మట్టిగడ్డను టీ వడకట్టే జల్లెడలో పెట్టి, గ్లాసు నీళ్ళలో నెమ్మదిగా ముంచండి. ఐదు నిమిషాలైనా గడ్డ గడ్డలాగే ఉంటే మంచి నేల. అర నిమిషంలోనే విడిపోయి కిందికి రాలితే వానకు చెక్కు కట్టడం ఖాయం. గెనిమ (చేను గట్టు) మీద ఎప్పుడూ దున్నని చోటి గడ్డనూ, చేను మధ్య గడ్డనూ పక్కపక్క గ్లాసుల్లో వేసి చూడండి. మట్టి ఒకటే, తేడా మాత్రం కళ్ళ ముందు కనబడుతుంది. గెనిమ మీది గడ్డను గడ్డి వేర్లు, వాటితో బతికే సూక్ష్మజీవుల జిగురు పట్టి ఉంచుతాయి. చేనులో రోటవేటరు (ట్రాక్టర్ వెనక తిరిగే కత్తుల యంత్రం) వాటిని పిండి చేసేసింది.

చెనిక్కాయ (వేరుశనగ) విత్తిన మూడు నాలుగు రోజులకు జోరు వాన పడి, వెంటనే ఎండ కాస్తే ప్రమాదం అక్కడే. మొలక చెక్కు కింద వంకర తిరిగి మందపడుతుంది, పైకి రాదు. చెక్కు ఇంకా సగం తడిగా ఉన్నప్పుడే ముళ్ళకంప కట్టి తేలిగ్గా లాగాలి, లేదా స్ప్రింక్లర్లు ఉంటే ఒక చిన్న తడి ఇచ్చి మెత్తబరచాలి. పూర్తిగా ఎండాక లాగితే చెక్కు పలకలుగా లేచి మొలకల మెడలు విరిచేస్తుంది. ఎక్కువ లోతు విత్తితే చెక్కు ఉన్న నేలలో ఇంకా నష్టం, 5 సెంటీమీటర్లు చాలు. తొలిపూత దశలో ఊడల (నేలలోకి దిగి కాయలయ్యే కాడలు) కోసం ఎకరాకు వేసే 200 కిలోల జిప్సం సన్నమట్టి చెదిరిపోకుండా కూడా కొంత ఆపుతుంది. అసలు మందు మాత్రం నేల మీద కప్పు. చెరకు ఆకు, చెనిక్కాయ పొట్టు, ఏదైనా సరే, చినుకు దెబ్బ మట్టికి తగలకూడదు. చెరకు కొట్టిన తోటలో ఆకు తగలబెట్టడం చూస్తే వచ్చే కోపం ఇక్కడ రాయదగ్గది కాదు.

నేల ఎంత తాగుతుందో కొలవడానికి 6 అంగుళాల పీవీసీ పైపు ముక్క ఒకటి చాలు. ఐదంగుళాల పొడవు కోసి, ఒక అంచు బయటి వైపు నుంచి ఆకురాయితో పదును పెట్టి, చెక్క అడ్డం పెట్టి సుత్తితో రెండంగుళాలు దిగగొట్టండి. లోపల ప్లాస్టిక్ కవరు పరిచి 450 మిల్లీలీటర్లు పోసి, కవరు మెల్లగా లాగేయండి. నేరుగా పోస్తే ఆ ధారకే మట్టి చెదిరి లెక్క తప్పుతుంది. ఈ నీళ్ళు 25 మిల్లీమీటర్ల వానకు సమానం. మొదటిసారి ఇంకడానికి పట్టే సమయం లెక్కలోకి తీసుకోవద్దు, పొడి మన్ను ఎలాగూ పీలుస్తుంది. రెండోసారి అంతే పోసి గడియారం చూడండి. మామూలుగా నానిన ఇసుక నేల గంటకు 30 మిల్లీమీటర్లకు పైగా, ఇసుక గరప నేల 20 నుంచి 30, గరప నేల (ఇసుక, ఒండ్రు, బంక కలిసినది) 10 నుంచి 20, బంక కలిసిన గరప 5 నుంచి 10, బంకనేల 1 నుంచి 5 మిల్లీమీటర్లు తాగుతాయి. చేతిలో నలిపితే ఇసుక గరప అని తెలుస్తున్న నేల గంటకు 8 మిల్లీమీటర్లే తాగుతోందంటే నేరం నేలది కాదు, దానిలోని ఏదో పొరది. ఏ పొరో తేల్చడానికి పక్కనే అరడుగు మన్ను తీసేసి ఆ అడుగున మళ్ళీ ఇదే పరీక్ష చేయండి. అక్కడ బాగా తాగితే దోషం పై చెక్కుది. అక్కడా తాగకపోతే రెండో పొర మీద అనుమానపడాలి.

రెండోది: ట్రాక్టర్ చేసిన పొర

మడకతో దున్నిన రోజుల్లోనూ అడుగున కొంత గట్టిపడేది. ఇప్పుడు ఏటా అదే నాలుగైదంగుళాల లోతులో రోటవేటరు, పైన టన్నుల బరువు ట్రాక్టర్, అదీ పదును మీద. పైన పిండిలాంటి మన్ను, దాని కింద పెంకులాంటి పొర. వాన పడిన రెండో రోజు మూడడుగుల ఇనుప కడ్డీ చేత్తో దించి చూడండి. సులువుగా దిగుతున్నది అరడుగు దగ్గర టక్కున ఆగి, గట్టిగా నొక్కితే ఒక జానెడు దాటి మళ్ళీ సులువైతే మధ్యలో ఉన్నది ఆ పొరే. చేనులో పది చోట్ల దించాలి, ఒక చోట రాయి తగిలినా పొర అనుకునే అవకాశం ఉంది. ఇంకో సాక్ష్యం చెనిక్కాయ చెట్టు. పారతో పక్కన తవ్వి తల్లివేరు చూస్తే, అరడుగు దాకా నిటారుగా దిగి అక్కడి నుంచి మోచెయ్యిలా పక్కకు తిరిగి ఉంటుంది. అలాంటి చెట్టు వారం పది రోజులు వాన లేకపోతే వాడిపోక తప్పదు, కింద రెండడుగుల్లో తడి ఉన్నా సరే.

విరగ్గొట్టడానికి సబ్‌సాయిలర్ లేదా చిజిల్ మడక కావాలి, 40 సెంటీమీటర్ల లోతున, మీటరు, మీటరున్నర ఎడంతో, మూడేళ్ళకు ఒకసారి. ఏప్రిల్, మే నెలల్లో నేల ఎండి ఉన్నప్పుడే తోలాలి. ఎండిన పొర పలకలుగా పగులుతుంది. తడిగా ఉంటే కత్తి వెన్నలో దిగినట్టు దిగి, చీలిక గోడలు పూసుకుపోయి ఇంకా నునుపు తేలుతాయి. బాడుగ దండగ. వాలుకు అడ్డంగానే తోలాలి. వాలు వెంబడి తోలితే ప్రతి చీలికా ఒక కాలువై నీళ్ళను పల్లానికి చేరేస్తుంది. ఇంత చేసి మరుసటి పంటకే పదును మీద రోటవేటరు నాలుగు సార్లు తిప్పితే పొర మళ్ళీ కడుతుంది.

మూడో పొర మనం చేసింది కాదు. ఎర్రమన్ను కింద అడుగున్నర, రెండడుగుల్లో బంక ఎక్కువగా ఉండే పొర, దాని కింద గరుసు, ఇంకా కింద బండ. పైన దిగిన నీళ్ళు ఆ బంకపొర మీద నిలబడి, వాలుకొద్దీ పక్కకు నడిచి, మిట్ట కింది కయ్యల్లో (మడుల్లో) ఊటగా తేలుతాయి. వాన ఆగి రెండు వారాలైనా ఒక కయ్య మూల ఆరకపోతే ఆ నీళ్ళు పైచేను నుంచి వస్తున్నట్టే. కయ్యలో ఎన్ని కాలువలు తీసినా ప్రయోజనం ఉండదు. కయ్యకు పైవైపు, ఊట రాకముందే, మూడడుగుల లోతు కాలువ అడ్డంగా తీసి పక్క వంకలోకి వదలాలి. చెరువు కింది ఆయకట్టులో నీటిమట్టం మీటరున్నర లోపుకు వచ్చిన చోట వత్తి మళ్ళీ పని మొదలుపెడుతుంది. నీళ్ళు పైకి ఎగబాకి ఆవిరైపోతాయి, ఉప్పు మిగులుతుంది. తెల్ల పూతగా తేలే ఉప్పు నేలను మంచినీళ్ళు నిలిపి కడిగి, మురుగు బయటికి పంపితే బాగవుతుంది. నల్లగా జిడ్డుగా ఉండి, ఉదజని సూచిక (pH) 8.5 దాటిన చవుడుకు అది చాలదు, భూసార పరీక్షలో చెప్పిన మోతాదు జిప్సం వేసి ఆపైన కడగాలి. ఏది ఏదో తెలియకుండా జిప్సం చల్లడం డబ్బు మట్టిపాలు చేయడమే, పరీక్ష చేయించండి.

తొమ్మిది గంటల కరెంటు లెక్క

చెనిక్కాయ, టమాటా వేర్లలో ఎక్కువ భాగం పై అడుగులోనే పని చేస్తాయి. ఇసుక గరప నేల మీటరు లోతుకు 100 నుంచి 120 మిల్లీమీటర్ల నీళ్ళు మొక్కకు అందేలా పట్టి ఉంచుతుంది. అడుగు లోతుకు 30 నుంచి 36. సగం అయిపోగానే తడి ఇవ్వాలనుకుంటే ఒక తడికి నేల పట్టేది సుమారు 16 మిల్లీమీటర్లు, ఎకరాకు 65,000 లీటర్లు. మీ బోరు గంటకు ఎంత పోస్తుందో ఇంచుల్లో కాకుండా డ్రమ్ముతో కొలవండి. 200 లీటర్ల డ్రమ్ము 72 సెకన్లలో నిండితే గంటకు 10,000 లీటర్లు. అంటే స్ప్రింక్లర్లతో ఎకరా చెనిక్కాయ తడవడానికి ఆరున్నర గంటలు. పగలు తొమ్మిది గంటల కరెంటు ఉంది కదా అని ఆటో స్టార్టర్ మీద వదిలేస్తే మిగతా 25,000 లీటర్లు వేరు కిందికి పోతాయి, పోతూ పోతూ నిన్న వేసిన యూరియాలోని నత్రజనినీ పట్టుకుపోతాయి. "యూరియా వేసినా పచ్చబడలేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంటుంది. పైన తడి, కింద తడి, మధ్యలో ఆకలి.

డ్రిప్‌లో లెక్క వేరు, ఆకారం చూడాలి. 4 లీటర్ల డ్రిప్పరు రెండు గంటలు నడిపి, ఆపిన గంటకు డ్రిప్పరు పక్కగా నిలువునా తవ్వండి. ఇసుక నేలలో తడి ముల్లంగిలా సన్నగా లోతుకు దిగి ఉంటుంది, బంక నేలలో గుమ్మడికాయలా వెడల్పుగా ఉంటుంది. ముల్లంగి కనిపిస్తే డ్రిప్పర్ల ఎడం 30, 40 సెంటీమీటర్లకు తగ్గించాలి, రెండు గంటలు ఏకబిగిన కాకుండా పొద్దున గంట, మధ్యాహ్నం గంట నడపాలి. గుమ్మడికాయ అయితే 60 సెంటీమీటర్ల ఎడం సరిపోతుంది.

కోత

నేలలోకి దిగని నీళ్ళు పక్కకు పోతాయి, ఊరికే పోవు. ఎకరాలో 1 మిల్లీమీటరు మన్ను కొట్టుకుపోతే 4 ఘనమీటర్లు, దాదాపు 6 టన్నులు. 1 మిల్లీమీటరు పోయిందని ఏ కంటికీ తెలియదు. గుర్తులు వేరే ఉంటాయి. చిన్న రాయి కింద మన్ను వేలెడు స్తంభంలా మిగిలి, చుట్టూ దిగిపోయి ఉంటుంది. మిట్ట మీద రంగు తేలిపోయి గరుసు పైకి వస్తుంది. గెనిమకు పైవైపు మెత్తటి ఒండ్రు మేట వేస్తుంది. పోయేది కూడా అన్నిటికన్నా సన్నమైన, ఎరువు పట్టి ఉంచే భాగమే, దొడ్డు ఇసుక మాత్రం మనకు వదిలిపోతుంది. నీటి వేగం రెట్టింపైతే కోసే శక్తి నాలుగు రెట్లు, మోసే మట్టి ముప్పై రెండు రెట్లు అవుతుందని పాఠాల్లో చెబుతారు. కాబట్టి చేయాల్సిన పనంతా వేగం తగ్గించడమే.

వర్షాధార చెనిక్కాయలో 3.6 మీటర్లకు ఒక గొడ్డుసాలు (విత్తని ఖాళీ సాలు) వదలడం అన్నిటికన్నా చవక పని. అడుగు ఎడం సాళ్ళైతే పన్నెండు సాళ్ళకు ఒకటి, వాలుకు అడ్డంగా. కానీ కంటితో అడ్డం అనుకున్నది చాలాసార్లు అడ్డం కాదు. మేస్త్రీల దగ్గర ఉండే పారదర్శకమైన మట్టం ట్యూబు తెచ్చుకోండి, 12 మీటర్లది. రెండు ఐదడుగుల కర్రలకు సెంటీమీటర్ల గీతలు పెట్టి, ట్యూబు చివరలు కట్టి, నీళ్ళు నింపండి. ట్యూబులో ఒక్క గాలిబుడగ ఉన్నా మట్టం అబద్ధం చెబుతుంది. ఒకరు కదలకుండా నిలబడితే, రెండోవారు 10 మీటర్ల దూరంలో మిట్టకూ పల్లానికీ జరుగుతూ రెండు కర్రల్లో నీళ్ళు ఒకే గీత మీదికి వచ్చిన చోట మేకు పాతాలి. ఆ మేకు దగ్గరికి మొదటి వ్యక్తి వచ్చి నిలబడితే రెండో వ్యక్తి ముందుకు పోతాడు. నీళ్ళు మెల్లగా ఒక పక్కకు నడవాలనుకుంటే 10 మీటర్లకు 3 సెంటీమీటర్ల వాలు ఇవ్వండి, అంతకు మించొద్దు.

గెనిమలు ఎంత ఎడంలో వేయాలన్నదానికి పాత సూత్రం ఒకటుంది. వాలు శాతాన్ని 3తో భాగించి, 2 కలిపి, 0.3తో హెచ్చవేస్తే రెండు గెనిమల మధ్య ఎత్తు తేడా మీటర్లలో వస్తుంది. 3 శాతం వాలుకు 0.9 మీటర్లు, అంటే నేల మీద 30 మీటర్లకు ఒక గెనిమ. గడ్డి మీద మన్ను పోసి గెనిమ అనిపించుకోకండి. గడ్డి చెక్కి, అడుగు దున్ని, దాని మీద పోయాలి. లేకపోతే పాత నేలకూ కొత్త మన్నుకూ మధ్య గీత ఉండిపోయి, నీళ్ళు సరిగ్గా ఆ గీతలోనే దారి చేసుకుంటాయి. వదులు మన్ను అణుగుతుంది కాబట్టి కావలసిన ఎత్తు కంటే నాలుగో వంతు ఎక్కువ పోయాలి. మన్ను తీసే గుంతకూ గెనిమకూ మధ్య అడుగు జాగా వదలాలి, గుంతలు ఒకదానితో ఒకటి కలవకుండా అడ్డుకట్టలు ఉంచాలి. మన దగ్గర నైరుతీ, ఈశాన్యమూ రెండు వానలూ పడతాయి, నవంబరు తుపానుకు గెనిమ నిండక తప్పదు. నీళ్ళు ఎక్కడ తెంచుకోవాలో వాటికే వదిలేయకుండా, అడుగెత్తున రాళ్ళు పేర్చి మొరవ (మిగులు నీళ్ళు పొర్లిపోయే దారి) కట్టండి. గెనిమ తల దానికంటే ఇంకో అడుగు పైకి ఉండాలి. గెనిమ మీద కిత్తనారో, వట్టివేరో నాటితే మన్ను నిలుస్తుంది.

మల్చింగ్ షీటు గురించి ఒక మాట. టమాటా మడులు వాలు వెంబడి వేసి షీటు పరిస్తే, షీటు మీద పడ్డ వానంతా సాలులోకి దూకుతుంది. చేనులో సగం పైగా ప్లాస్టిక్కే కాబట్టి సాలుకు రెండు మూడు వానల నీళ్ళు ఒకేసారి. మదనపల్లె వైపు తోటల్లో ఒకే వానకు సాళ్ళు మోకాలి లోతు గండ్లు పడేది అందుకే. మడులు అడ్డంగా తిప్పి, సాలులో చెత్తో వరిగడ్డో పరిస్తే ఆ దెబ్బ తగ్గుతుంది.

స్వర్ణముఖి ఒడ్డున పొలాలున్నవాళ్ళు వరద పారుతున్నప్పుడు గట్టు వైపు చూసి భయపడతారు. గట్లు ఎక్కువగా కూలేది వరద తగ్గాక. పారుతున్నంతసేపు ఏటి నీళ్ళే గట్టును ఆనుకుని నిలబెడతాయి. ఏరు గబగబా దిగితే గట్టులోని నీళ్ళు అంత త్వరగా బయటికి రాలేవు, నానిన బరువుతో గట్టు నిలువునా జారుతుంది. వరద తీసిన మొదటి రెండు రోజులు అంచు దగ్గర మోటార్లు, ట్రాక్టర్లు పెట్టకండి.

చివరగా చెరువు కట్ట. 2021 నవంబరులో రామచంద్రాపురం మండలం రాయలచెరువు కట్ట లీకై కింది పల్లెలను ఖాళీ చేయించిన సంగతి ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. మట్టికట్ట గుండా కొంత ఊట రావడం మామూలే. ఎలుక బొరియో, పీత బొరియో, ఎండిపోయిన కంపచెట్టు వేరు దారో దొరికితే ఊట ధారగా మారి, మట్టి రేణువులను ఒక్కొక్కటిగా మోసుకుపోతూ దారిని వెనక్కి, చెరువు వైపు తవ్వుకుంటూ పోతుంది. కట్ట పైన చూస్తే ఏమీ తెలియదు, లోపల గొట్టం తయారవుతుంటుంది. అందుకే ఊట ఎంత వస్తుందన్నదాని కంటే ఎలా వస్తుందన్నది ముఖ్యం. గాజు గ్లాసులో పట్టి పది నిమిషాలు కదపకుండా పెట్టండి. తేటగా ఉంటే గంటకోసారి మళ్ళీ పట్టి చూస్తూ ఉండొచ్చు. అడుగున మన్ను పేరుకుంటే లోపల కోత మొదలైనట్టు.

అప్పుడు అందరూ చేసే పని, కింది వైపు ఆ రంధ్రంలో బంకమన్ను కుక్కడం. ఇదే పెద్ద తప్పు. నీళ్ళు ఆగవు, లోపల ఒత్తిడి పెరిగి పక్కన ఇంకో చోట పగులుతాయి. నీళ్ళు రావాలి, మన్ను రాకూడదు. రంధ్రం మీద ముందు ఇసుక, దాని మీద గులకరాళ్ళు, ఆపైన పెద్ద రాళ్ళు, ఈ వరసలోనే పేర్చాలి. ఇసుక కట్ట మన్నును పట్టుకుంటుంది, గులకరాళ్ళు ఇసుకను పట్టుకుంటాయి, నీళ్ళు మాత్రం బయటికి వస్తాయి. చుట్టూ ఇసుక మూటలతో బావి ఒరలా గుండ్రంగా కట్టి లోపల కొంత నీళ్ళు నిలబడనిస్తే కోత జోరు ఇంకా తగ్గుతుంది. చెరువు వైపు నోరు కనబడితే అక్కడ మాత్రం బంకమన్ను మూటలు వేయొచ్చు. వీటన్నిటి కంటే ముందు ఇద్దరు మనుషులను మొరవ దగ్గరికి పరుగెత్తించాలి. ఇంకో అడుగు నీళ్ళు నిలవాలని అక్కడ ఎవరో ఒకరు ఇసుక మూటలు పేర్చే ఉంటారు, ముందు వాటిని తీసేయించాలి.